పండిత రమాబాయి చదివిన యేసు చరిత్రము

శ్రీమద్భాగవతమున పదునెనిమిదివేల శ్లోకములు కలవు. వానిని పుస్తకము చూడక అప్పగింపగల బాలిక యొకతె నూటయేబది సంవత్సరములకు పూర్వము తల్లిదండ్రులతోను, అన్నతోను, అక్కతోను పుణ్యక్షేత్రములవెంట కాలినడకను తిరుగుచుండెను. కోవెల మండపమునందో, ఏటియొడ్డున రావిచెట్టుక్రిందనో కూర్చుండి తండ్రి పురాణము చదువును. ఆయన అలసినప్పుడు తల్లియు బిడ్డలును వంతులవారిగా చదువుదురు. వినవచ్చినవారు ముందుంచిన బియ్యము, పండ్లు, కాసులు, వస్త్రములు వారికి జీవనాధారము. ఆ బాలికయే తరువాత పండిత రమాబాయి సరస్వతి యని పేరొందినది. 1883వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన ఇంగ్లండు దేశమున ఆమె బాప్తిస్మము పొందెను.

ఆమె స్త్రీవిద్యకై చేసిన కృషిని గూర్చి పలువురు వ్రాసియున్నారు. మతము మార్చుకొన్నదని నిందించినవారును కలరు, మార్చుకొన్నదని సంతసించినవారును కలరు. ఈ ఇరుతెగలవారును సామాన్యముగా విడిచిపెట్టు ప్రశ్న యొకటి యున్నది. శాస్త్రపురాణములన్నియు కంఠస్థములైన ఆ విదుషికి, ఎచ్చటనో యూదయదేశమున పుట్టి ముప్పది మూడేండ్లు తిరుగకమునుపే దొంగలనడుమ సిలువపై మరణించిన వడ్రంగిబిడ్డ చరిత్రములో కనబడినదేమి? మేము క్రైస్తవులము కాము. తండ్రిగారికడ ఇంటనే రామాయణ భారతములు చదువుకొన్నవారము. అందుచేతనే ఈ ప్రశ్న మమ్ము వదలలేదు. ఆమె 1907లో తన మతవిశ్వాసమును గూర్చి వ్రాసిన చిన్నపుస్తకమును, నాలుగు సువార్తలను దగ్గర పెట్టుకొని చదివితిమి. మాకు తోచినది సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ముందుగా ఆమె తండ్రి సంగతి చెప్పక తీరదు. అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప విద్వాంసుడు. పూనాలో పీష్వా అంతఃపురమున తన గురువుగారు ఒక రాణికి సంస్కృతము చెప్పుచుండగా విని, స్త్రీనోట దేవభాష ఇంత సొంపుగా పలుకునా యని అబ్బురపడి, తన యింటను అట్లే చేయదలచెను. భార్య లక్ష్మీబాయికి చదువు చెప్పబూనెను. అందరును గోలపెట్టిరి. ఉడుపిలో నన్నూరుగురు పండితులయెదుట ఆయన సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చెను. స్త్రీలు సంస్కృతము చదువరాదనుటకు ప్రమాణము లేదని గ్రంథములు విప్పి చూపి గెలిచి వచ్చెనట. కాని వేదము మాత్రము ఆయనయు స్త్రీలకు చెప్పలేదు. పశ్చిమకనుమలలో గంగామూల యను అరణ్యమున ఇల్లు కట్టుకొని కాపురముండెను. రమాబాయి 1858లో అచ్చటనే జన్మించెను. అతిథులకు పెట్టి పెట్టి అప్పులపాలై, ఆమె ఆరునెలల పసికందుగా నున్నప్పుడే ఇల్లు విడిచిరి. పసిదానిని పేముపెట్టెలో పరుండబెట్టి మనిషి తలపై మోయించిరట. కొంత పెరిగిన పిదప ఆమెకు చదువు చెప్పినది తల్లియే. చీకటితోనే లేపి, ఒడిలో కూర్చుండబెట్టుకొని, పక్షులు కూయుచుండగా శ్లోకములు వల్లెవేయించినది. ఇట్టి తల్లి గల బిడ్డకు మన గ్రంథములపై ద్వేష మెట్లు కలుగును? కలుగలేదు. కలిగినది వేరు.

1874 ప్రాంతమున మద్రాసు రాజధానిలో కరవు వచ్చెను. ఆ కుటుంబమువారు బిచ్చమెత్తుట కిష్టపడలేదు, కూలిపని తెలియదు. ఉన్న రూకలు దేవతలకు మొక్కుబడులుగను, బ్రాహ్మణులకు దానములుగను ఖర్చయిపోయెను. నగలు, వెండిపాత్రలు, పిదప రాగిచెంబులు అమ్ముకొనిరి. కడపటి బియ్యపుగింజ అయిపోయిననాడు మన తిరుపతికి దాపుననున్న అడవిలోనికి పోయిరి. పదునొకండు దినములు నీళ్లును, ఆకులును, పిడికెడు ఈతపండ్లును ఆహారముగా గడపిరి. కన్నులు కనబడని వృద్ధుడైన తండ్రి ఇక తాళలేక పుణ్యతీర్థమున దేహత్యాగము చేయ నిశ్చయించుకొని ఒక్కొక్క బిడ్డను పిలిచి కడసారి బుద్ధులు చెప్పెను. చిన్నకూతురైన రమను కౌగిలించుకొని, ఆమెను తాను దేవుని చేతిలో పెట్టితిననియు, బ్రతికినన్నినాళ్లు ఆయననే సేవింపవలయుననియు చెప్పెను. అన్న తాను కూలిచేసి పోషింతునని అడ్డుపడుటచే ఆ పని జరుగలేదు. కాని కొలదిదినములకే తండ్రి కన్నుమూసెను. కొన్నాళ్లకు తల్లి. శవమును మోయుటకు ఎవరును రాకపోగా, చివర కిద్దరు బ్రాహ్మణులు దయతలచి వచ్చిరి. వారితో అన్నయు, ఈ బాలికయు పాడె మోసిరి. ఆమె పొట్టిది, భుజ మందక తలపై పెట్టుకొని మోసినది. పిదప అక్కయు పోయినది.

ఈ ఘట్టము చదువుచుండగా మా అత్తగారు పుస్తకము మూయుమనిరి. “పోనీలే అమ్మాయీ, రేపు చదువుదువుగాని” అని లోనికి వెళ్లిపోయిరి. అంతకుముందు, మతము మార్చుకొన్నదాని కథ మనకేలనని మమ్ము కోపపడినవారు వారే.

అన్నాచెల్లెండ్రు దేశమంతయు నడచి 1878లో కలకత్తా చేరిరి. అచ్చటి పండితులు ఆమెను పరీక్షించి పండిత, సరస్వతి యను బిరుదులిచ్చిరి. ఒకనాడు క్రైస్తవులు తమ సమావేశమునకు పిలిచిరి. వారందరు కుర్చీలవైపు తిరిగి మోకాళ్లూని కన్నులు మూసికొనగా, వీరు కుర్చీలకు పూజ చేయుచున్నారు కాబోలునని ఈ అన్నాచెల్లెండ్రనుకొనిరట! వారొక సంస్కృత బైబిలు బహూకరించిరి. ఆమె తెరచి చూచెను. తానెరిగిన సంస్కృతమువలె నుండలేదు, మనసు పట్టలేదు, మూసివేసెను. గొప్ప భాష ఆమెను క్రీస్తువద్దకు తీసికొనిపోలేదని చదువరులు గమనింతురుగాక.

ఆ కలకత్తాలోనే కేశవచంద్రసేనుగారు ఆమెను వేదములు చదివితివా యని యడిగి, స్త్రీకి అధికారము లేదని ఆమె బదులు చెప్పగా, ఒక వేదగ్రంథమును చేతికిచ్చిరి. ఆమె ధర్మశాస్త్రములను కూడ శ్రద్ధగా చదివెను. చదివినకొలది ఆమెకొక దిగులు పట్టుకొన్నది. గ్రంథములు ఒకదానితో నొకటి ఎన్ని విషయములలో విభేదించినను, రెండు విషయములందు మాత్రము ఏకమగుచున్నవని ఆమె తెలిసికొన్నట్లు వ్రాసినది: స్త్రీజాతి స్వభావము చెడ్డదనుట ఒకటి, పురుషునివలె ఆమె మోక్షము పొందజాలదనుట రెండవది. దేవుని చేతిలో పెట్టితినని తండ్రి చెప్పినాడే. ఆ దేవుడు స్త్రీని పట్టుకొనడని గ్రంథములు చెప్పుచున్నవి. మాకు తోచినంతవరకు ఆమె జీవితములోని ముడి ఇదియే.

1880లో అన్న మరణించెను. అదేయేడు ఆమె బిపిన్ బిహారీ దాసు మేధావి యను వంగదేశపు న్యాయవాదిని పెండ్లాడెను. ఆయన బ్రాహ్మణుడు కాడు. 1881లో, అనగా రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిన యేటనే, కుమార్తె మనోరమ పుట్టెను. మరుసటియేడు భర్త విషూచిచే పోయెను. ఆ భర్త గ్రంథములలోనే ఆమెకు వంగభాషలోని లూకా సువార్త ప్రతి చిన్నది దొరికినది.

మేమును లూకా సువార్తను చదివితిమి. నాలుగింటిలో స్త్రీల ప్రసక్తి మెండుగా నున్నది ఇందేయని మాకు తోచినది. పుత్రుని పాడెవెంట ఏడ్చుచుపోవు నాయీను గ్రామపు విధవరాలు. విందులో పిలువనిదే వచ్చి యేసు పాదములు కన్నీట తడిపి తలవెండ్రుకలతో తుడిచిన పాపాత్మురాలు. పదునెనిమిదేండ్లు నడుము వంగిపోయి తలయెత్తలేకపోయిన యింతి. దేవాలయపు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన పేదవితంతువు. వీరెవ్వరును రాణులు కారు, ఋషిపత్నులు కారు. వీరికి పేర్లు కూడ వ్రాయబడలేదు. మన వీథిలోనివారే. తల్లిని దహించి వచ్చిన రమాబాయి ఈ పుటలను ఏమని చదివియుండునో ఊహించుట కష్టము కాదు. కాని ఆమె అప్పుడు క్రైస్తవురాలు కాలేదు. ఆ పని చేసినది ఒక నూతికథ.

1883లో ఇంగ్లండుకు పోయి వాంటేజి గ్రామమున క్రైస్తవ సన్యాసినుల మఠములో దిగెను. వారు ఆమెను లండనులోని ఫుల్హాము పేటకు పంపి, అచ్చట తాము నడుపుచున్న గృహమును చూపిరి. అది చెడుదారిని పడిన స్త్రీలను చేరదీయు ఇల్లు. అట్టివారిని ఇంట చేర్చుకొని, అన్నము పెట్టి, పని నేర్పి, ముద్దుగా మాటలాడు కులస్త్రీలను రమాబాయి అంతవరకు చూడలేదు. ఒకప్పుడు పతితలైనవారే మారి, ఇతరులకు సేవచేయుచుండుటయు చూచెను. “మీరిట్లేల చేయుచున్నారు?” అని ఆమె అడుగగా, ఒక సన్యాసిని బదులుగా యోహాను సువార్త నాలుగవ అధ్యాయము చదివి వినిపించెను.

ఆ కథ యిది. యేసు నడచి నడచి అలసి సమరయదేశమున సుఖారను ఊరివెలుపల యాకోబు నూతికడ కూర్చుండెను. మిట్టమధ్యాహ్నము. శిష్యులు ఆహారము కొనుటకు ఊరిలోనికి పోయిరి. ఒక స్త్రీ కడవతో వచ్చెను. దప్పికకు నీళ్లిమ్మని ఆయన అడిగెను. ఆమె ఆశ్చర్యపడెను, ఏలయన ఆయన యూదుడు, ఆమె సమరయజాతిది, యూదులు వారి పాత్రలు ముట్టరు. పిమ్మట మాటలమీద, ఆమెకు ఐదుగురు భర్తలుండిరనియు, ఇప్పుడున్నవాడు భర్త కాడనియు ఆయనయే చెప్పెను. ఆ మాట తెలిసియే నీళ్లడిగెను. తెలిసియే సంభాషణ సాగించెను. ఆమె తన పాపమును గూర్చి మాటాడక, దేవుని ఏ కొండపై ఆరాధింపవలయునని అడిగెను, మనలో తిరుపతియా కాశియా యని అడిగినట్లు. దేవుడు ఆత్మస్వరూపుడనియు, ఈ కొండ ఆ కొండ యను భేదము లేక ఆత్మతో సత్యముతో కొలువవలయుననియు ఆయన చెప్పెను. ఉపనిషత్తులు చదివినవారికి ఇది వినని మాట కాదు. అయితే ఇంతటి మాటను ఎవరితో చెప్పెను? విద్వాంసులతో కాదు, తన శిష్యులతో కూడ కాదు. శిష్యులు తిరిగివచ్చి, ఒక స్త్రీతో మాటలాడుచున్నాడేమని విస్తుపోయిరనియు సువార్తలోనే యున్నది.

ఇది వినుచున్న మా అత్తగారు, “మిట్టమధ్యాహ్నం నూతికి వచ్చిందంటే, పొద్దున్నే నలుగురితో కలిసి రానివ్వలేదన్నమాటేగా” అనిరి. వ్యాఖ్యానకర్తలు పలువురు చెప్పిన మాట ఇదియే. మా అత్తగారికి వ్యాఖ్యానముతో పని లేకపోయెను. నూతిగట్టు సంగతులు ఆడువారికి ఒకరు చెప్పవలయునా? ఎవరు ఏ వేళ వత్తురో, ఎవరి చేద ఎవరు ముట్టుదురో, ఎవరు వచ్చినప్పుడు మాటలు ఆగిపోవునో మనకు తెలియనిది కాదు. ఒకరి చేతి నీళ్లు మరియొకరు త్రాగకుండుట అనగానేమో యూదులకంటె మనకే బాగుగ తెలియును.

ఆ అధ్యాయము వినినప్పుడే క్రీస్తు నిజముగా రక్షకుడని తనకు తోచినదనియు, భారతదేశపు దీనస్త్రీలను లేవనెత్తగలవాడు ఆయనయే యనియు రమాబాయి వ్రాసినది. ఇచ్చట మేము కొంచెమాగి, మా మనసులోని మాట చెప్పవలసియున్నది. మన గ్రంథములందు పతితపై దయ లేదను మాటను మేమంగీకరింపలేము. వాల్మీకి బాలకాండమున రామలక్ష్మణులు అహల్యకు పాదములంటి నమస్కరించిరి. రాయి ఆడుదియైనదను కథ ప్రచారములోనున్నది గాని, ఆదికవి చెప్పినది అది కాదు. తిరస్కృతయైనదానికి అవతారపురుషుడు మ్రొక్కెను. రమాబాయి ఇంత చదివియు దీనిని లెక్కలోనికి తీసికొనలేదేమని మాకు కష్టముగ నుండెను. మాకు కోపము కూడ వచ్చినదని ఒప్పుకొనుచున్నాము.

కాని కోపము తగ్గిన పిదప వేరొకటి తోచినది. అహల్య కథను మనమెన్ని తరములనుండి చదువుచున్నాము? చదివి, మన వీథిచివర నున్న ఏ స్త్రీయొద్దకు పోతిమి? ఫుల్హాము సన్యాసినులు తాము చదివిన కథను ఇల్లుగా కట్టిరి. రమాబాయి చూచినది ముందు ఇల్లు, తరువాత విన్నది కథ. విశ్వాసి యగువానికి యేసు చరిత్రము చదివి మెచ్చుకొనదగిన కథ కాదనియు, ఆయన ఎట్లు చేసెనో అట్లు చేయక తప్పదనిపించు కథయనియు మాకు అప్పుడర్థమయ్యెను. అహల్య కథకు ఆ బలము లేదని మేమనము. మనము దానిని ఆ పనికి వాడలేదు.

బాప్తిస్మము పొందినంతమాత్రమున ఆమె వంగి నడచినదనుకొనరాదు. మఠమువారికి ఆమెతో వేగుట కష్టమయ్యెను. శాకాహారము విడువలేదు. సిలువపై లాటిను అక్షరములేల, సంస్కృత ముండరాదా యని అడిగెను. త్రిత్వ సిద్ధాంతమును ఒప్పుకొనుటకు సందేహించి ఉత్తరప్రత్యుత్తరములు నడపెను. ఒక పురోహితవర్గపు కాడినుండి బయటపడి మరియొక పురోహితవర్గపు కాడిక్రింద మెడ పెట్టనని స్పష్టముగా వ్రాసెను. చెల్టెన్హాము కళాశాలలో చదువుచున్నప్పుడు ఆమె ఆంగ్లపురుషులకు పాఠములు చెప్పవచ్చునా యను చర్చ పుట్టగా, మనదేశమందలి ఇద్దరు బిషప్పులు తగదనిరి. ఉడుపి సభ మరల కూడినట్లే! నూతికడ కడవ విడిచి ఊరిలోనికి పరుగెత్తి, ఆయన సంగతి పురుషులకందరకు మొదట చాటినది ఆ సమరయస్త్రీయే. సమాధినుండి లేచిన యేసును మొదట చూచి శిష్యులకు వార్త తెచ్చినది మగ్దలేనే మరియ. తమ గ్రంథములోని ఈ సంగతి ఆ బిషప్పులకు గుర్తురాలేదు కాబోలు. గ్రంథమును పూజించుచు గ్రంథములోని మాటను మరచుట ఒక్క మతమువారి సొత్తు కాదు.

అమెరికాకు పోయి, 1887లో హిందూస్త్రీల దురవస్థను గూర్చి ఆంగ్లమున పుస్తకము వ్రాసి ధనము కూర్చుకొని, 1889 మార్చిలో బొంబాయిలో శారదాసదనము స్థాపించెను. మరుసటియేడు అది పూనాకు మారెను. అది విధవల పాఠశాల. మతబోధ చేయనని మాట యిచ్చెను. కాని ఆమె తెల్లవారుజామున తలుపు తీసియుంచి ప్రార్థన చేసికొనుచుండగా బాలికలు వచ్చి కూర్చుండజొచ్చిరి. కొందరు క్రైస్తవులు కాగోరిరి. 1893లో గొప్ప అలజడి పుట్టెను. రానడే, భాండార్కరు గార్లు సలహాసంఘమును విడిచిరి. తల్లిదండ్రులు పలువురు బాలికలను తీసికొనిపోయిరి. ఆమె తలుపు మూసికొనియుండవలసినదా? బిడ్డలను నమ్మి పంపిన తలిదండ్రుల బాధ అసత్యము కాదు. తన ప్రార్థన తాను చేసికొనుటకు ఆమెకు హక్కు లేదనుటయు న్యాయము కాదు. మేము ఈ తగవు తీర్పజాలము. ఆ గొడవలో నష్టపోయినది మాత్రము చదువు మధ్యనాగిన బాలవితంతువులే.

విచిత్రమేమనగా, బాప్తిస్మమునకు ఎనిమిదేండ్ల తరువాతగాని తనకు క్రీస్తు దొరకలేదని ఆమెయే చెప్పుకొన్నది. అంతవరకు దొరకినది క్రైస్తవమతమట. సిద్ధాంతములు ఒప్పుకొనుట వేరు, ఒక వ్యక్తి తనయొద్దకు వచ్చి కూర్చుండెనని తెలిసికొనుట వేరు. భాగవతము చదివిన మనకు ఈ భేదము కొత్తది కాదు. గోపికలతో వాదించి తిరిగివచ్చిన ఉద్ధవుని అడిగిన చెప్పును.

1896లో మధ్యపరగణాలలో కరవు వచ్చినదని వినగానే ఆమె మనసు తిరుపతి అడవికి పోయినది. తానే బయలుదేరి కరవుశిబిరములు తిరిగి, అనాథలగు బాలికలను, విధవలను బండ్లలోను రైళ్లలోను తీసికొనివచ్చెను. పూనాకు నలువది మైళ్ల దాపున కేడగామువద్ద కొనిన బీడునేలలో బావులు త్రవ్వించి ముక్తిసదనము కట్టెను. 1900లో గుజరాతు కరవు వచ్చినప్పుడు మరల అట్లే చేసెను. అచ్చటి నివాసినులు వేయిమందికి మించిరి. వారు నేతనేసిరి, పొలము దున్నిరి, గానుగ త్రిప్పిరి, పాలు పితికిరి. గ్రుడ్డివారికి మనోరమ చదువు నేర్పెను. పతితలకు వేరుగా కృపాసదనము కట్టిరి. ఫుల్హాములో చూచిన ఇల్లు కేడగాములో లేచినది. ఆ సంస్థ నేటికిని నడచుచున్నది.

ఆమె చివరి పదునెనిమిదేండ్లు ఒక పనిమీద గడచినవి. హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకొని బైబిలునంతయు మరాఠీలోనికి తెచ్చెను. అంతకుముందే తర్జుమా యున్నది. కాని అది సంస్కృతపదములతో బరువై చదువురాని పల్లెటూరి స్త్రీకి అర్థము కాదని ఆమె పట్టుదల. అక్షరములు కూర్చి అచ్చువేసినది ముక్తిసదనపు ఆడుపిల్లలే. పండిత బిరుదము గన్న సరస్వతి, దంపుడుపాటలు పాడుకొను ఇల్లాలికి తెలియుమాటలకై ముదిమిలో వెదకినది! గ్రాంథికము తప్ప చేతికి రాని మాకు ఈ సంగతి కొంచెము చురుక్కుమనిపించినది. 1921లో మనోరమ చనిపోయెను. 1922 ఏప్రిల్ 5వ తేదీన తల్లియు పోయెను. ఆ బైబిలు సంపూర్ణముగా వెలువడినది తరువాతనే. 1989లో భారత ప్రభుత్వము ఆమె పేర తపాలాబిళ్ల వెలువరించినది.

ఇది వ్రాయుట ముగించి మా అత్తగారికి చదివి వినిపించితిమి. అంతయు విని, కొంతసేపూరకుండి, “అంతా బాగానే ఉంది గానీ అమ్మాయీ, ఆ మహానుభావుడు దాహమని అడిగాడు కదా. ఇది కడవ అక్కడే పెట్టి ఊళ్లోకి పరుగెత్తింది. ఇంతకీ ఆయన నీళ్లు తాగాడా?” అని అడిగిరి. మేము మరల యోహాను సువార్త తెరచి, వ్రేలు పెట్టి పంక్తి పంక్తి చూచితిమి. ఆ మాట వ్రాసిలేదు.